పక్కచూపు

ఆ ఊళ్ళో స్టీరింగు పట్టుకున్నవాళ్ళలో సగంమంది ఆయన చేత తిట్లు తిన్నవాళ్ళే. డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర బిగించిన రెండో బ్రేకు మీద పాదం ఆనించి, "బ్రేకు! బ్రేకు! కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?" అని ఆయన పెట్టే కేకకి రోడ్డు పక్కన నడిచిపోయేవాళ్ళు కూడా ఠక్కున ఆగిపోయేవారట. అలా బ్రేకు మాస్టారన్న పేరు స్థిరపడిపోయింది. సొంత పేరు లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

అలాంటి మనిషి ఉన్నట్టుండి స్కూలు మూసేశాడు. మోకాళ్ళ నొప్పులన్నాడు. అందరూ అయ్యో అనుకున్నారు. ఆ అయ్యో ఇంకా గొంతులో ఉండగానే, ఎవరో వాడి వదిలేసిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. ఎర్ర కారు. నేలకి జానెడెత్తులో పాకుతున్నట్టు ఉంటుంది. పైన గుడ్డ టాపు. అది కూడా ఎప్పుడూ వెనక్కి మడిచే ఉండేది.

"మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఇందులోకి దిగేదెలా, లేచేదెలా?" అంది ఆయన భార్య నడుం మీద చెయ్యేసుకుని.

"దిగడం నా వంతు, లేపడం నీ వంతు" అన్నాడాయన.

ముసలితనంలో ముచ్చట్లని వీధంతా నవ్వుకుంది. నవ్వనిది ఆయన చెల్లెలొక్కతే.

ఆమెకి పెద్ద వీధిలో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. చూపు పరీక్ష చేయడం, అద్దాలు అరగదీయించడం, వంకరపోయిన ఫ్రేములు వేడి చేసి వంచడం, చీమ తలకాయంత మరలు బిగించడం ఆమె పని. తలలో తెల్ల వెంట్రుకలే ఎక్కువైనా ఇంట్లో ఇంకా చిట్టే. అన్న కారు కొన్న కొన్నాళ్ళకి వదిన దుకాణానికి వచ్చి, గిరాకీ వెళ్ళేదాకా ఓ మూల కూర్చుని, ఆ తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"చిట్టీ, మీ అన్నయ్య వాలకం నాకేం నచ్చట్లేదు. కప్పు టేబుల్ మీద పెడుతున్నాననుకుని గాల్లో పెట్టేస్తున్నాడు. ఇప్పటికి ఎన్ని పగిలాయో. తలుపుకి భుజం గుద్దుకుని తలుపుని తిడతాడు. పక్కింటావిడ పలకరిస్తే చూడకుండా పోయాడట, ఆవిడ మూతి ముడుచుకు కూచుంది. పొద్దు వాలితే గడప దాటడు."

"ఒకసారి ఇటు తీసుకురా వదినా."

"నేను తెస్తే వస్తాడా? ఫ్రేము చూద్దువుగాని రమ్మని నువ్వే పిలువు."

పిలిస్తే వచ్చాడు. కుర్చీలో కూర్చుని ఎదురు గోడ మీది అక్షరాల పలక చివరి వరస గడగడా చదివేశాడు. దాని కింద చీమల్లా ఉన్న ముద్రణాలయం పేరు కూడా చదివి, "ఏమే, ఈ చూపుకి ఏం వంక పెడతావు?" అన్నాడు. ఆమె ఆయన ఎదురుగా కూర్చుని, తన చెయ్యి పక్కకి చాపి, "నా ముక్కు మీదే చూపు ఉంచి, నా వేలు ఎక్కడ కనిపిస్తే అక్కడ చెప్పు" అంది. అన్న లేచి నిలబడ్డాడు. "నాతో పిల్లాటలా?" అని విసురుగా బయటికి నడిచాడు. పోతూ పోతూ ఫ్రేముల స్టాండుకి మోచెయ్యి తగిలించి నాలుగు కళ్ళజోళ్ళు కింద పడేశాడు.

వాటిని ఏరుతూ ఆమెకి సగం అర్థమైపోయింది. సూటి చూపు గద్దలా ఉండి, పక్క చూపు మెల్లమెల్లగా చచ్చిపోయే జబ్బొకటి ఉంది. అలాంటివాళ్ళు అక్షరాలన్నీ చదువుతారు. పక్కన నిలబడిన మనిషిని మాత్రం చూడలేరు. ఆ పూటే వెంటపడి పట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళవలసింది. కానీ బ్రేకు మాస్టారితో 'నువ్వు బండి నడపకూడదు' అని ఎవరనగలరు? పిల్లి మెడలో గంట కట్టేదెవరు? చూద్దాంలే అనుకుంది. తన అనుమానం నిజమైపోతుందేమోనన్న భయమే ఆ 'చూద్దాంలే' అనిపించింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక తనే అన్న ఇంటికి వెళ్ళింది.

"అన్నయ్యా, ఊరందరికీ చూపించావు. నన్నొక్కసారైనా ఎక్కించుకున్నావా?"

అన్న మొహం వెలిగిపోయింది. "ఎక్కవే, ఎక్కు! తలకి ఏదైనా కట్టుకో, లేకపోతే జుట్టు పిచ్చుకగూడైపోతుంది."

ఆమె తలకి గుడ్డ చుట్టి, గాలికని కోటు తొడుక్కుని ఎక్కింది. ఊరు దాటి, కొండని చుట్టుకుని పోయే రోడ్డెక్కారు. ఆమె రోడ్డు కన్నా ఎక్కువగా అన్న మొహమే చూస్తూ కూర్చుంది. ఆయన తల ఒక్కచోట నిలవడం లేదు. గింజల కోసం వెతికే కోడిలా అటూ ఇటూ, అటూ ఇటూ. కూడళ్ళ దగ్గర అవసరమైనదానికన్నా ఎక్కువసేపు ఆగుతున్నాడు. అంతే తప్ప తప్పు పట్టడానికేం లేదు. గేరు మారినట్టే తెలియడం లేదు. మలుపుల్లో కారు వెన్నలో కత్తిలా పోతోంది. నేనే లేనిపోనిది ఊహించుకున్నానా అనుకుంది. అలా అనుకోగానే ప్రాణం కాస్త తేలికపడింది.

తిరుగు దారిలో కొండ వెనకనుంచి మబ్బు ఎక్కుకొచ్చింది. మొదటి చుక్క ఆమె ముక్కు మీద పడింది. రెండోది అద్దం మీద చిట్లింది.

"అన్నయ్యా, ఆపు. టాపు వేద్దాం."

"టాపా? దాని కమ్మీ ఒకటి విరిగింది. మడతే విడదు."

"మరి ముందే చెప్పొద్దూ!"

"ఆగితేనే తడుస్తామే పిచ్చిదానా. పోతూ ఉంటే తడవం. చూడు."

ఆయన వేగం పెంచాడు. నిజమే. ముందు అద్దానికి తగిలిన గాలి వానని ఎత్తి తలల మీదుగా వెనక్కి విసిరేస్తోంది. ఆమె చెయ్యి పైకెత్తింది. అద్దం అంచు దాటగానే చినుకులు సూదుల్లా గుచ్చుకున్నాయి. చెయ్యి దించితే పొడిగా ఉంది. చుట్టూ లోకమంతా తడుస్తోంది, వాళ్ళిద్దరూ మాత్రం కనపడని గొడుగు కింద కూర్చున్నట్టున్నారు. ఆమెకి పట్టలేనంత నవ్వొచ్చింది. అన్న కూడా నవ్వాడు.

"నాన్న చూస్తే ఏమనేవాడు?" అని అరిచింది గాలిలో.

"ఇద్దరికీ చెరో రెండు తగిలించి, ఆ తర్వాత తనూ ఎక్కేవాడు!"

ఆ కాసేపు ఆమె ఎందుకొచ్చిందో మరిచిపోయింది.

ఊరు దగ్గరపడింది. రోడ్డు ఇరుకైంది. ఒక పక్క మూతపడిన మిల్లు గోడ. చెల్లెలు కూర్చున్న వైపు వరసగా ఇళ్ళు, ఇళ్ళ మధ్య సందులు. వాన కుండపోతగా మారింది.

"ఇక నెమ్మదించు అన్నయ్యా."

"నెమ్మదిస్తే నానిపోతావే."

సందులోంచి ఒక సైకిలు వస్తోంది. దాని మీద నీలం రంగు వానకోటు వేసుకున్న ఆడమనిషి. రోడ్డెక్కబోతూ చెయ్యి చాపింది. గంట కూడా కొట్టింది. చెల్లెలు ఆమెని చాలా ముందే చూసింది. అన్న కూడా చూసే ఉంటాడనుకుంది. పక్కకి తిరిగి ఆయన మొహం చూసింది. ఆ మొహంలో ఏ కదలికా లేదు. ఖాళీ రోడ్డు మీద పోతున్నవాడిలా నిశ్చింతగా, ఇంకా ఇందాకటి నవ్వుతోనే ఉన్నాడు.

"బ్రేకు!" అని కేక పెట్టింది. లేని బ్రేకుని కాలితో తొక్కింది.

ఆ మాటకే ఆయన కాలు కదిలింది. కారు తడి రోడ్డు మీద జారి, అడ్డంగా తిరిగి, సైకిలు వెనక చక్రాన్ని కొట్టి ఆగింది. ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు. ఆ తర్వాత వాన చప్పుడొక్కటే.

"ఎక్కణ్ణుంచి ఊడిపడింది?" అన్నాడు అన్న. అరచేతులు ఇంకా స్టీరింగుకే అతుక్కుని ఉన్నాయి. "ఎక్కణ్ణుంచి ఊడిపడిందే?"

ఆమె అప్పటికే దూకి పరిగెత్తింది. సైకిలావిడ రోడ్డు మీద కూర్చుని ఉంది. ఒక మణికట్టుని రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళోకి లాక్కుంది. ఆ చెయ్యి వంగకూడని వైపుకి వంగి ఉంది. మొహం సున్నంలా తెల్లబడింది. దగ్గరికొచ్చిన అన్నని తలెత్తి చూసి, ఆ నొప్పిలోనే గుర్తుపట్టింది.

"మాస్టారూ... మీరా?"

ఆవిడ సెలూను నడుపుతుంది. ఒకప్పుడు ఆయన దగ్గరే బండి నేర్చుకుంది. రెండుసార్లు పరీక్ష తప్పి ఏడిస్తే, మూడోసారి దగ్గరుండి గట్టెక్కించాడట.

"నేనే చూసుకోలేదు మాస్టారూ. తొందరలో ఉన్నాను. సారీ" అంది పళ్ళు బిగబట్టి.

అన్న తలాడించాడు. అంతే. చెల్లెలు ఆ తలాడింపు చూసి, చూపు వంగిన చేతి మీదకి దించుకుంది.

చౌరస్తాలోంచి ట్రాఫిక్ కానిస్టేబులు పరిగెత్తుకొచ్చాడు. ఆయనా పాత శిష్యుడే. అంబులెన్సుకి ఫోను చేశాడు. దెబ్బతిన్నావిడ కాళ్ళ మీద తన రెయిన్‌కోటు కప్పాడు. ఆ తర్వాత మాస్టారి వైపు తిరిగాడు.

"మీరు కాబట్టి బ్రేకు పడింది మాస్టారూ. ఈ వానలో ఇంకెవడైనా అయితే ఈవిడ మీదనుంచే పోయేవాడు."

"ఉన్నట్టుండి వచ్చేసింది" అన్నాడు అన్న, మెల్లగా.

"అవును సార్, తప్పు నాదే" అంది కింద కూర్చున్నావిడ.

చెల్లెలు ఆవిడ చెయ్యి చాపడం చూసింది. గంట వినిపించింది. ఆ రెండు ముక్కలూ నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఇరుక్కుపోయాయి. అంబులెన్సు వచ్చింది, ఆవిడని ఎక్కించుకుని వెళ్ళింది. రేపొకసారి స్టేషనుకి వచ్చి కనబడమని చెప్పి, కానిస్టేబులు వంకరపోయిన సైకిల్ని గోడకి ఆనించి తన చౌరస్తాకి తను పోయాడు.

అన్న వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. సీట్లలో నీళ్ళు నిలిచాయి. "ఎక్కు. ఇంటికి పోదాం" అన్నాడు ఎదురుగా చూస్తూ.

ఆమె ఎక్కలేదు. చుట్టూ తిరిగి వచ్చి, ఆయన తలుపు పక్కన, భుజానికి మూరెడు దూరంలో నిలబడింది.

"అన్నయ్యా, తల తిప్పకు. అలాగే ఎదురుగా చూస్తూ చెప్పు. నా చెయ్యి కనిపిస్తోందా?"

"ఇప్పుడేంటే ఇది, వానలో!"

"కనిపిస్తోందా, లేదా?"

"కనిపిస్తోంది."

"ఎన్ని వేళ్ళు?"

"మూడు."

"నేను చెయ్యే ఎత్తలేదు అన్నయ్యా."

రెండు చేతులూ కోటు జేబుల్లోనే ఉన్నాయి. అన్న తల తిప్పి ఆ జేబుల్ని చూశాడు. చూసి, మళ్ళీ ఎదురుగా తిరిగాడు. ఆయన గడ్డం మీదుగా నీళ్ళు కారిపోతున్నాయి. అందులో వాన ఎంతో, మరోటి ఎంతో ఆమెకి తెలియలేదు.

"ఎప్పట్నుంచి?" అని అడిగింది.

"స్కూలు మూయకముందే. ఒకమ్మాయికి నేర్పుతున్నాను. పక్కనుంచి లారీ వచ్చింది. ఆ అమ్మాయి చూసి బ్రేకు వేసింది. నా కాలు బ్రేకు మీదే ఉంది చిట్టీ, కానీ నేను లారీనే చూళ్ళేదు." చేత్తో మొహం తుడుచుకున్నాడు. "పక్క ఊళ్ళో డాక్టరుకి చూపించుకున్నాను. నీటికాసులట. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు అంచుల నుంచి తినుకుంటూ వస్తుందట. పోయింది రాదు, చుక్కలు వేసుకుని ఉన్నది కాపాడుకో అన్నాడు."

"బండి సంగతి?"

"ముట్టుకోవద్దన్నాడు."

"మరి దీన్నెందుకు కొన్నావు?" ఆమె గొంతు పెరిగింది. "మానెయ్యమంటే పోయి స్పోర్ట్స్ కారు కొంటావా?"

"మామూలు కార్లో కూర్చుంటే గొట్టంలోంచి చూస్తున్నట్టుండేది. ఇటు తలుపు, అటు స్తంభం, పైన కప్పు... ఉన్న కాస్త చూపునీ అవే తినేసేవి. టాపు లేకపోతే లోకం ఇంకొంచెం కనిపిస్తుందనుకున్నాను." చేతులు స్టీరింగు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మొదట్లో కనిపించినట్టే ఉండేది."

ఆమెకి కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చాయి. "దిగు" అంది.

"నువ్వు నడుపుతావా? దీని క్లచ్చి..."

"దిగు అన్నయ్యా."

దిగాడు. ఆమెకి బండి నేర్పింది ఆయనే. దూడల వెనక ఆవు నడిచినట్టు నడుపుతావని ఎగతాళి చేసిందీ ఆయనే. ఇప్పుడూ అలాగే నడిపింది. ఆ వేగానికి గాలీ లేదు, గొడుగూ లేదు. వానంతా తిన్నగా నెత్తి మీదే పడింది. రెండుసార్లు బండి ఆగిపోయింది. "క్లచ్చి మెల్లగా..." అని మొదలుపెట్టి అన్న నోరు మూసుకున్నాడు.

ఒక కూడలి దగ్గర అలవాటుగా అడిగేసింది. "నీ వైపు ఎవరైనా వస్తున్నారా?"

అడిగాక నాలుక కరుచుకుంది. అన్న మెడంతా తిప్పి, ఆ తర్వాత భుజాలు కూడా తిప్పి, చాలాసేపు జాగ్రత్తగా చూశాడు.

"ఎవరూ లేరు" అన్నాడు.

ఆమె ముందుకి వంగి, తన కళ్ళతో మరోసారి చూసుకుని అప్పుడు కదిలించింది. అది ఆయన గమనించాడు.

"ఇంటికి ఇటు కాదు" అన్నాడు కొంత దూరం పోయాక.

"తెలుసు."

ఆ చాచిన చెయ్యి, ఆ గంట సంగతి దారిలోనే ఆయనకి చెప్పేసింది. ఆసుపత్రి వరండాలో వాళ్ళ అడుగుల వెంట నీళ్ళ మడుగులు కట్టాయి. ఊడ్చే ఆవిడ గొణుక్కుంది. సెలూను ఆవిడ గోడవారగా ఒక మంచం మీద కూర్చుని ఉంది. చేతికి తాత్కాలికంగా చెక్క వేసి కట్టు కట్టారు. మాస్టారిని చూసి లేవబోయింది.

"లేవకమ్మా" అన్నాడు ఆయన. మంచం కొసన నిలబడి, తడిసిన చొక్కా అంచు పిండుకుంటూ, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా చెప్పాడు. "తప్పు నీది కాదు. నువ్వు చెయ్యి చాపావు. గంట కొట్టావు. మా చెల్లెలు చూసింది. నాకు పక్కన కనిపించదు. జబ్బుంది."

ఆవిడకి ముందు అర్థం కాలేదు. "అంటే... వాన వల్లా?"

"వాన వల్ల కాదు. ఎప్పుడూ కనిపించదు."

"అది మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"తెలిసి నడిపారా?"

ఆవిడ మొహంలోకి రక్తం ఎక్కింది.

"చెయ్యి విరిగి, రోడ్డు మీద పడి, నేను మీకు సారీ చెప్పాను. మీరు తలాడించారు! ఆ పోలీసాయన ముందు కూడా ఒక్క మాటనలేదు. నాకు ఇద్దరు పిల్లలు. ఈ చేత్తో కత్తెర పట్టుకుంటేనే మాకు పొయ్యి వెలిగేది. ఇంకో జానెడు ఇటు తగిలుంటే...?" ఊపిరందక ఆగింది. "మీరు చెప్పిన ప్రతి మాటా ఇన్నేళ్ళూ వేదంలా పాటించాను మాస్టారూ. పక్కకి చూడకుండా కదలొద్దన్నది మీరే కదా. వెళ్ళిపోండి. నాకు కనపడకండి."

ఆయన వెళ్ళలేదు. ఇంకా ఏదైనా అంటుందేమో, అంటే బాగుండునన్నట్టు నిలబడే ఉన్నాడు. చివరికి నర్సు వచ్చి భుజం పట్టుకుని బయటికి పంపింది.

మర్నాడు స్టేషనుకి వెళ్ళి కానిస్టేబులుకీ అదే చెప్పాడు. లైసెన్సు పోయింది. కేసు నడిచింది. ఊరికి ఇంకో రెండు నెలలకి సరిపడా కబుర్లు దొరికాయి. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు కొందరు, మనం ప్రాణాలు ఎవరి చేతిలో పెట్టామో చూశారా అన్నారు. మరికొందరు, అంతా ఆ చెల్లెలి నిర్వాకం, గుట్టుగా పోయేదాన్ని రచ్చకెక్కించింది, సొంత అన్నని అలా చేస్తారా ఎవరైనా అన్నారు. ఆ రెండో మాట కళ్ళజోళ్ళ దుకాణం దాకా వచ్చింది. కొన్నాళ్ళు గిరాకీ కూడా పలచబడింది.

అన్న చెల్లెలితో మాట్లాడటం మానేశాడు. ఆమె ఇంటికెళితే లోపలి గదిలోకి పోయి తలుపేసుకునేవాడు. వదినే అప్పుడప్పుడు దుకాణానికి వచ్చి కూర్చునేది. కారుని అమ్మించేసింది. ఒకరోజు చెప్పడానికి ఇంకేం లేక, "ఇన్నేళ్ళ కాపురంలో మీ అన్నయ్యకి పక్కచూపుల్లేవని మురిసిపోయానే చిట్టీ. చూడు, నా మురిపెం ఎలా ఏడ్చిందో" అని నవ్వబోయి, మొహానికి చేతులడ్డం పెట్టుకుంది.

సెలూను ఆవిడ చేతికి ఆపరేషను చేసి లోపల పలక బిగించారు. చాలాకాలానికి మళ్ళీ కత్తెర పట్టింది కానీ బొటనవేలు పూర్తిగా వంగదు. వదిన రెండుసార్లు చూడటానికి వెళితే మంచినీళ్ళిచ్చింది, మాటలు మాత్రం ఇవ్వలేదు.

వానలు పోయి చలి దిగిన రోజుల్లో వదిన జ్వరంతో మంచం పట్టింది. అన్నని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి చెల్లెలు తప్ప ఎవరూ లేకపోయారు. దారంతా ఆయన పెదవి విప్పలేదు. ఆమె కూడా మాట్లాడించలేదు. పేవ్‌మెంటు అంచు దగ్గర ఆయన అడుగు తడబడింది. చెయ్యి గాల్లో కాసేపు వెతుక్కుని ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"నీ మీద కోపం పోలేదు నాకు" అన్నాడు.

"పోకపోతే ఉండనీ. ముందు మెట్టుంది, చూసుకో."

ఇంకాస్త దూరం నడిచారు. ఎదురుగా నలుగురు మనుషుల వెనక, చేతిలో సంచితో సెలూను ఆవిడ వస్తోంది. వీళ్ళని చూసింది. క్షణం ఆగి, రోడ్డు దాటి అవతలి పేవ్‌మెంటు ఎక్కేసింది. చెల్లెలి నడక ఆగిపోయింది.

"ఏంటే, ఆగావు?"

ఏం లేదని చెప్పొచ్చు. చెప్పినా ఆయనకి తెలిసే దారి లేదు.

"ఆవిడ అన్నయ్యా. మనల్ని చూసి అవతలి పక్కకి వెళ్ళిపోయింది."

అన్న ఆమె మోచెయ్యి వదిలేశాడు. "ఎటు?" అన్నాడు. ఆమె చూపించిన వైపు ఒళ్ళంతా తిప్పుకుని నిలబడ్డాడు. తల మెల్లగా ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పుతూ, పోయేవాళ్ళని ఒక్కొక్కరినే వెతికాడు. అప్పటికి ఆవిడ వీధి మలుపు తిరిగిపోయింది. ఆ సంగతి చెల్లెలు చెప్పలేదు. ఆయన వెతుకుతున్నంతసేపూ పక్కనే నిలబడింది.